ఆదరమునకును కొలత కావలెను

ఒకరి క్రింద మరియొకరు పనిచేయు ప్రతి చోటను రెండు బంధములు పుట్టును. మొదటిది పని బంధము. పని చెప్పువాడు, పని చేయువాడు, కూలి, గడువు, లెక్క, ఇవి దానిలో చేరును. రెండవది మనసు బంధము. పెద్దకు ఒకని మాటతీరు నచ్చును, మరియొకని మౌనము నచ్చదు. పనివానికి ఒక పెద్ద యెడల గౌరవము కలుగును, మరియొక పెద్ద యెడల భయమే మిగులును. మొదటి బంధమునకు లెక్కపుస్తకము కలదు. రెండవ దానికి ఏ పుస్తకమును లేదు. అయినను అనేక కుటుంబముల బ్రతుకుతెరువును ఈ రెండవ బంధమే నిర్ణయించుచున్నది.

పెద్ద ఒకని ఆదరించుట దోషము కాదు. ఆదరము లేని చోట పని కేవలము వెట్టి. కాని ఒకనిపై చూపిన ఆదరము వేరొకని వంతును తినివేసినపుడు దానికి పక్షపాతమని పేరు వచ్చును. రెండును ఒకే హృదయమునుండి, ఒకే విధముగా పుట్టును. ఎచ్చట ఒకటి ముగిసి రెండవది మొదలగునో గుర్తించుటయే ఈ పాఠమునకు విషయము.

మూడు ఊళ్లు, మూడు విధముల పని

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పూర్వము అనంతపురము జిల్లాలో ఉండెడివి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇప్పుడు చేరియున్నవి. ఈ మూడు ఊళ్లలో పని పెట్టువానికిని పనివానికిని గల సంబంధము మూడు విధములుగా కనబడుచున్నది.

ధర్మవరము పట్టుచీరల ఊరు. అచ్చట నేతగాండ్రలో అనేకులు సొంత పెట్టుబడి లేక కూలికి నేయుదురు. షావుకారు పట్టును, జరీని, అంచు నమూనాను ఇచ్చును. నేతగాడు తన యింటి మగ్గముపైనో షావుకారు మగ్గముపైనో నేసి, చీరకు ఇంతయని కూలి పుచ్చుకొనును. ఇంటిల్లిపాదియు ఆ పనిలో ఉందురు. భర్త మగ్గపు గుంటలో కూర్చుండగా భార్య కండెలు చుట్టును. చాల యిండ్లలో షావుకారు వద్ద ముందుగా తీసికొన్న బాకీ ఉండును. గిరాకి బాగుగా ఉన్న దినములలో ఎవరికిని చింత లేదు. గిరాకి మందగించిన నెలలలో ఎవరి మగ్గమునకు పడుగు వచ్చును, ఎవరి మగ్గము ఖాళీగా ఉండును? ఎవరికి కూలి ఎక్కువ గల బుటా చీర ఇత్తురు, ఎవరికి సాదా చీర ఇత్తురు? నేతలో పొరపాటు దొర్లినపుడు ఎవరి కూలిలో కోత పడును, ఎవరిని మందలించి విడిచిపెట్టుదురు? ఈ ప్రశ్నలకు సమాధానము షావుకారు మనసులో ఉన్నది. ఆయన ఇష్టాయిష్టములే అచ్చట చట్టము.

హిందూపురము పట్టుగూళ్ల మార్కెట్టునకు పేరుపొందినది. రైతులు తెచ్చిన గూళ్లు అచ్చట వేలమునకు వచ్చును. దారము తీయు చోట వేడినీటి తొట్ల ముందు కూర్చుండువారిపై ఒక మేస్త్రీ ఉండును. ఆ పట్టణ పరిసరములందలి దుస్తుల కర్మాగారములలో వరుసకొక సూపర్వైజరు ఉండి, గంటకిన్ని అని లెక్క అడుగును. అచ్చట కుట్టువారు చాలవరకు స్త్రీలు. పిల్లవానికి జ్వరము వచ్చి ఒక పూట సెలవు కావలసిన తల్లికి ఆ సూపర్వైజరు దయయే దిక్కు.

పెనుకొండ ఒకప్పుడు విజయనగర రాజులకు రాజధాని. ఆ మండలములోని ఎర్రమంచి వద్ద 536 ఎకరములలో కియా కార్ల కర్మాగారము వెలసినది. 2017లో ఒప్పందము జరిగి, 2019 డిసెంబరు 5న ప్రారంభోత్సవము జరిగెను. ఏటికి మూడు లక్షల కార్లు చేయు సామర్థ్యముతో అది ప్రారంభమైనది. అట్టి పెద్ద కర్మాగారములో పనివానికి యజమాని ముఖము కనబడదు. అతనికి తెలిసినది తన పాళీలోని నాయకుడొక్కడే. వేర్వేరు ఊళ్లనుండి, వేర్వేరు భాషలనుండి వచ్చిన యువకులు ఒకే వరుసలో నిలిచినపుడు, ఆ నాయకుడు ఎవరితో కలిసి భోజనము చేయునో అందరును గమనింతురు.

ఇష్టము ఎట్లు పుట్టును

మనుష్యునికి మనుష్యునిపై ఇష్టము కలుగుటకు శాస్త్రజ్ఞులు మూడు కారణములను ప్రధానముగా చెప్పుదురు. మొదటిది సామీప్యము. 1950లో ఫెస్టింజరు, షాక్టరు, బ్యాకు అను మువ్వురు పండితులు అమెరికాలో విద్యార్థి కుటుంబములు నివసించు ఇండ్ల సముదాయమును పరిశీలించి ఒక గ్రంథము ప్రకటించిరి. ఎవరు ఎవరికి మిత్రులైరని విచారింపగా, ప్రక్క గుమ్మమువారే అధికముగా మిత్రులైరని తేలినది. గుణమును వెదకి స్నేహము చేసితిమని అందరు అనుకొందురు. నిజమునకు చాలచోట్ల గుమ్మమే స్నేహమును నిర్ణయించినది.

రెండవది సామ్యము. ఒకే భాష, ఒకే ఊరు, ఒకే అభిప్రాయము గలవారు త్వరగా దగ్గరగుదురు. మూడవది ప్రతిస్పందన. మనలను ఇష్టపడువారిని మనమును ఇష్టపడుదుము. మనలను పొగడువాడు మనకు వివేకవంతుడుగా కనబడును.

ఈ మూటిని ధర్మవరములోని మగ్గముల యింటికి అన్వయింపవచ్చును. షావుకారు వీధిలోనే ఉండు నేతగాడు దినమునకు రెండు పర్యాయములు కనబడును. దూరపు పేటలోనివాడు చీర నేసి ముగించినపుడే వచ్చును. మొదటివాని కష్టసుఖములు షావుకారునకు తెలియును. రెండవవాని పేరు మాత్రమే తెలియును. పడుగు తక్కువైన నాడు మొదటివాడు ముందుగా జ్ఞప్తికి వచ్చుట సహజము. షావుకారు దుర్మార్గుడు కానక్కర లేదు. తాను పక్షపాతము చూపుచున్నానని ఆయనకు తోచనైనను తోచదు. అందువలననే ఇది ప్రమాదకరమైనది. దుర్బుద్ధితో చేసిన అన్యాయమును మనస్సాక్షి మందలించును. ప్రేమతో చేసిన అన్యాయమును మనస్సాక్షియు మెచ్చుకొనును.

లోపలివారు, వెలుపలివారు

1975లో డాన్సెరో, గ్రేన్, హాగా అను పరిశోధకులు ఒక విషయమును ప్రతిపాదించిరి. ఒక పర్యవేక్షకుడు తన క్రింది వారందరితో ఒకే విధముగా మెలగునని అంతకు పూర్వము భావించెడివారు. అది నిజము కాదని వీరు చూపిరి. ప్రతి పర్యవేక్షకునికిని లోపలివారు కొందరు, వెలుపలివారు కొందరు ఏర్పడుదురు. లోపలివారికి మంచి పని, సమాచారము, నమ్మకము లభించును. వెలుపలివారికి నియమములు మాత్రమే లభించును. నమ్మకము పొందినవాడు ఇంకను బాగుగా పనిచేయును. నియమములు మాత్రమే పొందినవాడు నియమమునకు మించి చేయడు. పిమ్మట పెద్ద ఆ యిద్దరిని చూపి, తన ఎంపిక సరియైనదే యని సంతోషించును. ఆ భేదమును తానే కల్పించితినని తెలిసికొనడు.

అమెరికాలో హాతోరన్ అను చోట నున్న వెస్టరన్ ఎలక్ట్రిక్ కర్మాగారములో 1924 మొదలు 1932 వరకు జరిగిన పరిశీలనలు ప్రసిద్ధములు. 1927లో టెలిఫోను భాగములను కూర్చు కొందరు స్త్రీలను ప్రత్యేకమైన గదిలో ఉంచిరి. స్నేహితురాండ్రైన ఇద్దరిని ముందుగా తీసికొని, మిగిలినవారిని వారినే ఎన్నుకొనుమనిరి. ఆదరముగా చూచినందున పని పెరిగినదని ఈ కథను సాధారణముగా చెప్పుదురు. కాని 1928 ఆరంభములో వారిలో ఇద్దరిని, అతిగా మాటలాడుచున్నారనియు సహకరించుటలేదనియు, ఆ గదినుండి తొలగించి వేరొక ఇద్దరిని చేర్చిరి. ఈ భాగమును చాలమంది చెప్పరు. ఆదరము పొందినవారి కథలో ఆదరము కోల్పోయినవారి కథయు దాగియున్నది.

అదే కర్మాగారములో 1931, 1932 సంవత్సరములలో పదునలుగురు పురుషులున్న మరియొక గదిని పరిశీలించిరి. వారిలో తీగెలు చుట్టువారు, అతుకువేయువారు, తనిఖీదారులు కలరు. తనిఖీదారులు ఇద్దరు. పనివారు తమలో తాము రెండు జట్లుగా ఏర్పడిరి. ఒక తనిఖీదారుని ఒక జట్టువారు తమలో కలుపుకొనిరి. రెండవవానిని ఎవ్వరును చేరనీయలేదు. ఇద్దరి పనియు ఒకటే, అధికారమును ఒకటే. కాని ఒకడు మనవాడు, మరియొకడు పైవాడు. పర్యవేక్షకుడు తన ఇష్టమునుబట్టి పనివారిని విభజించినట్లే, పనివారును తమ ఇష్టమునుబట్టి పర్యవేక్షకులను విభజింతురని దీనివలన తెలియుచున్నది.

జట్టు కట్టుటకు ఎంత స్వల్పమైన కారణము చాలునో ఇంగ్లండులో హెన్రీ తాజ్ఫెల్ అను పండితుడు 1970 ప్రాంతమున చూపెను. పాఠశాల బాలురను, వారికి ఇద్దరు చిత్రకారులలో ఎవరి బొమ్మలు నచ్చినవన్న నెపముతో, రెండు భాగములు చేసెను. ఆ బాలురకు తమ భాగములో ఎవరున్నారో తెలియదు. అయినను డబ్బు పంచుమనగా తమ భాగమువారికి ఎక్కువ, ఎదుటివారికి తక్కువ ఇచ్చిరి. బొమ్మల నెపమే ఇంత చేయగా, ఊరు, భాష, కులము, బంధుత్వము ఎంత చేయునో వేరుగా చెప్పనక్కర లేదు.

అహ్మదాబాదు చెప్పిన పాఠము

అట్లయిన ఇష్టములను పూర్తిగా తుడిచివేయవలెనా? అది సాధ్యము కాదు, మంచిదియు కాదు. దీనికి మన దేశములోనే, మగ్గముల మధ్యనే ఒక మార్గము కనబడినది. 1953లో అహ్మదాబాదు క్యాలికో మిల్లులో ఏ.కె. రైస్ అను పండితుడు ఒక ప్రయోగము చేసెను. అచ్చట 224 ఆటోమేటిక్ మగ్గములుండెను. వాటిపై పని పండ్రెండు విధములుగా చీలియుండెను. ఒకడు నేయువాడు, ఒకడు తెగిన పోగులను అతుకువాడు, ఒకడు కండెలు అందించువాడు. ఎవరి పని వారిదే, ఎవరును మరియొకరికి చెందినవారు కారు. ప్రతివాడు పైనున్న పెద్దవైపే చూచెడివాడు.

రైస్ సూచనను విన్న పనివారు తామే చిన్న బృందములుగా ఏర్పడిరి. ఎవరితో ఎవరు కలిసి పనిచేయుదురన్నది పైనుండి నిర్ణయింపబడలేదు. ఒక్కొక్క బృందము కొన్ని మగ్గముల బాధ్యతను మొత్తముగా వహించెను. ఆరంభములో కొన్ని చిక్కులు కలిగినను, పిమ్మట నేత పెరిగెను, పాడైన బట్ట తగ్గెను.

ఇందులో గమనింపవలసినది ఇది. మనుష్యుల పరస్పరాకర్షణను అచ్చట ఎవరును అణచలేదు. దాని దిక్కును మార్చిరి. పైవాని ప్రాపు కొరకు అందరు పోటీపడుటకు బదులుగా, ప్రక్కవానితో పొత్తు ఏర్పడినది. పైనున్న ఒక్కని ఇష్టముపై ఆధారపడిన చేరిక ఆ ఇష్టము మారిన నాడే పోవును. తోటివారితో పనిలో ఏర్పడిన చేరిక అంత సులభముగా తెగదు. పేకలోని పోగు ఒక్క పడుగు పోగును మాత్రమే పట్టుకొని నిలువదు. అన్నింటి నడుమగా పోయినపుడే బట్ట యగును.

కల్యాణమున కనబడిన కొలత

ఈ విషయమును పండ్రెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమందలి శరణులు తమ బ్రతుకులో ఎదుర్కొనిరి. బసవేశ్వరుడు బిజ్జలుని వద్ద ఉన్నతాధికారి. ఆయన చుట్టు చేరినవారిలో చాకలి, పడవ నడపువాడు, త్రాళ్లు పేనువాడు, చెప్పులు కుట్టువాడు కలరు. అధికారము గలవాని చుట్టు చేరిన సంఘములో ఆయనకు ఎవరు ఎంత దగ్గర అన్న పోటీ పుట్టుట లోకసహజము. ఆ పోటీకి చోటీయకుండ శరణులు ఏమి చేసిరో ఆలోచింపదగినది.

మొదటిది, అనుభవ మంటపమున పీఠముపై బసవేశ్వరుడు కూర్చుండలేదు. ఆ స్థానము అల్లమప్రభువునకు ఇచ్చిరి. అన్నము పెట్టువాడును తీర్పు చెప్పువాడును ఒక్కడే కాకుండెను. నేడు ఒకే చేతిలో పడుగు, కూలి, కోత, బాకీ అన్నియు ఉన్న చోట ఈ ఏర్పాటు విలువ తెలియగలదు.

రెండవది, అక్క మహాదేవి వచ్చినపుడు అల్లమప్రభువు ఆమెను అందరి యెదుట కఠినముగా ప్రశ్నించెనని శూన్యసంపాదనము చెప్పుచున్నది. ఆమె సమాధానములు విన్న పిమ్మటనే సభ ఆమెను మహానీయురాలిగా అంగీకరించెను. ఒక పెద్దకు నచ్చినందున ఆమె లోపలికి రాలేదు. అందరును విన్నందున ఆమె స్థానమును ఎవ్వరును పిమ్మట శంకింపలేకపోయిరి.

మూడవది ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల వృత్తాంతము. మారయ్య బసవేశ్వరుని లోగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి, మనకు నియమమైనదానికి మించినది మనది కాదని చెప్పి, తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. వారు బీదలు. ఆ బియ్యము దొంగిలించినది కాదు. ఇచ్చువాడు సాక్షాత్తు బసవేశ్వరుడు. అయినను లక్కమ్మ దానిని నిరాకరించినది. కొలతకు మించి వచ్చినది కాయకమునకు ఫలము కాదు, ఒకరి దయకు గుర్తు మాత్రమే. దానిని స్వీకరించినచో మరునాటినుండి మారయ్య చూపు గింజలపైన ఉండదు, ఇచ్చువాని ముఖముపైన ఉండును. అతని ప్రక్క గింజలేరు మరియొకని చూపు మారయ్యపైన ఉండును. ఒక చేరెడు బియ్యము ఇద్దరి మనసులను విరుచును. ఇచ్చువాడు కొలత మరచినను పుచ్చుకొనువారు మరువరాదని లక్కమ్మ నేర్పినది.

ఇష్టము మోహమైనపుడు

ఈ విషయములో ఇంకొక అంశము కలదు. కుటుంబములలో దానిని మాటలాడుటకు సంకోచింతురు గాని, విడిచిపెట్టరానిది. పర్యవేక్షకునికి తన క్రింది స్త్రీపై కలుగు ఇష్టము కొన్నిచోట్ల మోహముగా మారును. సమానులైన ఇద్దరి నడుమ ఒకరు వలదనవచ్చును. కూలి, సెలవు, పని నిలుపుదల ఒకరి చేతిలో ఉన్నపుడు రెండవవారి మౌనమునకు సమ్మతియని అర్థము చెప్పరాదు. చిరునవ్వునకు సైతము అట్టి అర్థము చెప్పరాదు. అది భయము కావచ్చును.

1997 ఆగస్టు 13న విశాఖ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమున మార్గదర్శకములను విధించినది. 2013లో పార్లమెంటు చట్టము చేసినది. దాని ప్రకారము పదిమంది లేక అంతకు మించి పనిచేయు ప్రతి చోటను అంతర్గత సంఘము ఉండవలెను. దానికి ఒక స్త్రీ అధ్యక్షురాలుగా ఉండవలెను, సభ్యులలో కనీసము సగము స్త్రీలు కావలెను, వెలుపలినుండి ఒకరు సభ్యులుగా ఉండవలెను. పదిమందికి తక్కువగానున్న చోట పనిచేయు స్త్రీ జిల్లాలోని స్థానిక సంఘమునకు చెప్పుకొనవచ్చును. ఫిర్యాదు సాధారణముగా మూడు నెలలలోగా చేయవలెను. పెద్ద కర్మాగారమునకే గాక, నాలుగు మగ్గముల యింటికిని ఈ రక్షణ వర్తించును. కుమార్తెను కోడలిని పనికి పంపు ప్రతి కుటుంబమును ఈ సంగతి ఎరిగియుండవలెను. ఫిర్యాదు చేసిన స్త్రీని ఆమె జట్టువారే వెలివేసినట్లు చూచుట, మొదటి అపరాధమునకు రెండవ అపరాధమును చేర్చుటయే.

ఆచరణ

పని పెట్టువారు మూడు నియమములను పాటింపవచ్చును. పడుగు పంపకమును, నమూనాల పంపకమును వరుసక్రమములో వ్రాసి, అందరికి కనబడునట్లు ఉంచవలెను. కోత విధించునపుడు లోపమును ఆ నేతగానికే గాక, మరియొక అనుభవజ్ఞునికిని చూపవలెను. తనకు తక్కువ నచ్చువాని యింటికి నెలకొకసారియైనను పోవలెను. సామీప్యము ఇష్టమును పుట్టించునన్నది నిజమైనచో, ఆ సామీప్యమును అందరికి పంచుటయే సమభావమునకు దగ్గరి త్రోవ.

పనివారు తమ తోటివానికి దక్కవలసినది తమకు దక్కినపుడు లక్కమ్మను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఇది సులభము కాదు. బాకీలోనున్నవాడు వచ్చిన పడుగును వలదనలేడు. కాని ఆ యింటివారు నలుగురు కలిసి షావుకారు వద్దకు పోయి, ఉన్న పనిని పంచుమని అడుగవచ్చును. ఒక్కడు అడిగిన అది అర్థింపు, నలుగురు అడిగిన అది ఏర్పాటు.

మఠములకును ఇది వర్తించును. గురువునకు ఒక శిష్యునిపై వాత్సల్యము అధికముగా ఉండవచ్చును. అతనికి ఎక్కువ శ్రమను అప్పగించి దానిని తెలుపవచ్చును. ఎక్కువ గౌరవమును ఇచ్చి తెలిపినచో మిగిలిన శిష్యులు విద్యను విడిచి గురువు ముఖకవళికలను చదువుట నేర్చుకొందురు.

మననము

కుటుంబములోను, మఠమందలి తరగతులలోను ఈ ప్రశ్నలను చర్చింపవచ్చును.

1. మన క్రింద పనిచేయువారిలో ఎవరి యింటి సంగతులు మనకు తెలియవు? తెలియకపోవుటకు కారణము వారి గుణమా, వారి దూరమా?

2. మనకు దక్కిన మేలులలో పనికి ఫలముగా వచ్చినది ఎంత, ఒకరి ఇష్టమువలన వచ్చినది ఎంత? రెండవది వచ్చుటవలన ఎవరి వంతు తగ్గినది?

3. మన జట్టులో ఎవ్వరును కలుపుకొనని మనుష్యుడెవరు? అతడు చేసిన తప్పును ఎవరైనను చెప్పగలరా?

4. లక్కమ్మ ఆ బియ్యమును ఉంచుకొనియుండినచో ఎవరికి నష్టము కలిగియుండెడిది?